శాంతి కమిటీలో అందరూ ఉంటారు, గొడవపడ్డవాళ్లు తప్ప

మన దగ్గర ఏ ఊళ్లో రెండు వర్గాల మధ్య గొడవ జరిగినా రెండు మూడు రోజుల్లో పోలీస్ స్టేషన్‌లోనో ఎమ్మార్వో ఆఫీసులోనో శాంతి కమిటీ మీటింగ్ పెడతారు. ఎవరెవరు వస్తారో ముందే చెప్పేయొచ్చు. అటు నలుగురు పెద్దమనుషులు, ఇటు నలుగురు పెద్దమనుషులు, పార్టీల మండల అధ్యక్షులు, ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, స్వచ్ఛంద సంస్థల కోటాలో మాలాంటివాళ్లు ఒకరిద్దరు. అందరూ అన్నదమ్ముల్లా మెలగాలని డీఎస్పీ గారు చెబుతారు, టీ బిస్కెట్లు వస్తాయి, ఫొటో దిగుతారు, మర్నాడు జిల్లా పేజీలో పడుతుంది. రాళ్లు విసిరిన కుర్రాళ్లు ఆ గదిలో ఉండరు. అద్దాలు పగిలిన ఆటో అతను ఉండడు. కొట్టు కాలిపోయినామె ఉండదు. అసలు ఆడవాళ్లే ఉండరు, బందోబస్తుకి వచ్చిన లేడీ కానిస్టేబుల్‌ని లెక్కేసుకుంటే తప్ప.

నేను ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చేశాను. తర్వాత కొన్నేళ్లు ఆదిలాబాద్ ఏజెన్సీలో ఆరోగ్యం, మంచినీళ్ల పనుల మీద గూడేలూ తండాలూ తిరిగాను. అందుకే జాతుల మధ్య శాంతి, అందులో సామాజిక కార్యకర్తల పాత్ర అనే విషయం మీద నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి, మా వృత్తిలోనే చాలామందికి అవి నచ్చవు. మాకు క్లాసులో నేర్పిందేమిటంటే, అవగాహన కల్పించాలి, ఇరువర్గాలూ మాట్లాడుకునే వేదిక ఏర్పాటు చేయాలి, అన్నిటికంటే ముఖ్యంగా తటస్థంగా ఉండాలి. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు బాగానే పడతాయి. ఊళ్లోకి వెళ్లి తటస్థంగా నిలబడితే మాత్రం మర్యాదగా మంచం వాల్చి కూర్చోబెడతారు, చాయ్ ఇస్తారు, మనం చెప్పేదంతా వింటారు, మనం వెళ్లాక వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు. ఎందుకంటే మనకి అక్కడ పోయేది ఏమీ లేదని వాళ్లకి తెలుసు.

నేననేది ఇదీ: జాతుల గొడవల్లో తటస్థుడి వల్ల ఒరిగేది చాలా తక్కువ. పని జరిగేది ఏదో ఒక వైపు మనిషి వల్లే, తన వాళ్ల చేత తిట్లు తినడానికి సిద్ధపడ్డ మనిషి వల్ల. ఆ మనిషికి అండగా ఉండటం, ఆ మనిషి ఒంటరి కాకుండా చూడటం, అవతలి వైపు అలాంటి ఇంకో మనిషిని వెతికి పెట్టడం, ఇదీ జీతం తీసుకునే సామాజిక కార్యకర్త పని. మిగతాదంతా ఫ్లెక్సీలు.

దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ మన దేశంలోది కాదు. వజీర్. కెన్యాకి ఈశాన్య మూలన, సోమాలియా, ఇథియోపియా సరిహద్దుల వైపు ఉండే ఎండు నేల. ఒంటెలు, ఆవులు, మేకలు, బావులు, వాటి చుట్టూ బతుకు. అక్కడుండేవి సోమాలీ వంశాలు, అజురాన్, డెగోడియా, ఒగాడెన్, ఇంకా చిన్నవి కొన్ని. దాదాపు అందరి భాషా సోమాలీయే, అందరూ ముస్లింలే. భాషా మతమూ ఒకటైతే ఇక గొడవలెందుకుంటాయి అనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి (ఒకే భాష మాట్లాడుతూ రెండు రాష్ట్రాలైన మనకి ఇది వేరే చెప్పక్కర్లేదేమో).

వజీర్‌కి ప్రభుత్వం అంటే నమ్మకం ఉండే అవకాశమే లేదు. 1960ల్లో అక్కడ తిరుగుబాటు జరిగాక దశాబ్దాలపాటు ఎమర్జెన్సీ చట్టాల కింద ఉంచారు. 1984 ఫిబ్రవరిలో కెన్యా భద్రతా బలగాలు డెగోడియా మగవాళ్లని వగల్లా అనే చోట ఎయిర్‌స్ట్రిప్ మీదికి తోలి, రోజుల తరబడి తిండీ నీళ్లూ లేకుండా ఉంచి, కాల్చి చంపాయి. ఎంతమంది అన్నది ఇప్పటికీ తేలలేదు, ప్రభుత్వ లెక్క పదుల్లో ఉంటే అక్కడివాళ్ల లెక్క వేలల్లో ఉంటుంది. ఆపైన 1991లో పక్కనున్న సోమాలియాలో సియాద్ బర్రే ప్రభుత్వం కూలిపోయింది, తుపాకులు సరిహద్దు దాటి వచ్చాయి, వాటితోపాటు శరణార్థులూ వచ్చారు. అదే సమయంలో కరువు వచ్చి పశువులు కుప్పలుగా చచ్చిపోయాయి. 1992లో బహుళ పార్టీ ఎన్నికలు జరిగాయి, అజురాన్ వాళ్లు తమదే అనుకున్న వజీర్ వెస్ట్ సీటు డెగోడియా అభ్యర్థికి పోయింది. అంతే. బావుల దగ్గర మొదలైన కాల్పులు ఊరి దాకా వచ్చాయి. ఆ మూడు నాలుగేళ్లలో వందలమంది చచ్చిపోయారు.

దేకా ఇబ్రహీం అబ్ది అప్పటికి ముప్పై దాటని మనిషి. టీచరు, సంచార కుటుంబాలకి వైద్యం అందించే ప్రాజెక్టులో కూడా పనిచేసింది. ఒక రాత్రి కాల్పులు జరుగుతుంటే కూతుర్ని తీసుకుని మంచం కింద దాక్కుందట. తెల్లారి వాళ్ల అమ్మ, నువ్వు చిన్నపిల్లగా ఉన్నప్పుడు నేనూ నిన్ను తీసుకుని ఇలాగే మంచం కింద దాక్కున్నాను అని చెప్పిందట. అక్కడి నుంచి మొదలైందని ఆమె చాలాసార్లు చెప్పుకుంది.

దేకా, ఆమెతో కలిసిన వేర్వేరు వంశాల ఆడవాళ్లు మొదట చేసింది శాంతి ర్యాలీ కాదు. 1993లో వాళ్లు బజారుకి వెళ్లారు. ఎందుకంటే గొడవ బజారులోకి వచ్చేసింది, ఒక వంశం ఆడవాళ్లు ఇంకో వంశం వాళ్ల దగ్గర పాలు కొనడం మానేశారు, అమ్మనివ్వడం మానేశారు, కొట్టుకున్నారు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే బజారు నడవాలి, ఇది అన్ని వంశాల ఆడవాళ్లకీ సమానం. అందుకని ఏ వంశపు ఆడమనిషైనా భయం లేకుండా కొనొచ్చు, అమ్మొచ్చు అని నియమం పెట్టుకుని, దాన్ని చూసుకోవడానికి వాళ్లలోంచే కాపలా మనుషుల్ని పెట్టుకున్నారు. కాపలా అంటే ఎవరైనా నోరు జారితే, చెయ్యెత్తితే, ముందు సొంత వంశపు ఆడమనిషే వెళ్లి ఆపాలి.

ఇంకొకటి చేశారు, ఇది నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. పని మొదలుపెట్టే ముందు ఒకరినొకరు ఒక ప్రశ్న వేసుకున్నారు. రేపు మా వాళ్లు మీ వాళ్లని చంపినా నువ్వు నాతో కలిసి పనిచేస్తావా? చేయలేనంటే ఇప్పుడే చెప్పు, తప్పేం లేదు. చూడండి, ఇందులో తటస్థత అనే మాటే లేదు. నేను ఫలానా వంశం, నువ్వు ఫలానా వంశం, చావులు జరుగుతాయి, నాకు ఏడుపొస్తుంది, నీకూ వస్తుంది, అయినా రేపు పొద్దున బజారు దగ్గర కలుస్తామా లేదా. మన వర్క్‌షాపుల్లో అందరూ చేతులు పట్టుకుని మనమంతా ఒక్కటే అని పాడతారు చూడండి, దానికి ఇది పూర్తిగా వ్యతిరేకం.

తర్వాత పెద్దల దగ్గరికి వెళ్లారు. ఇక్కడ కూడా తెలివిగా, కొట్టుకుంటున్న రెండు పెద్ద వంశాలని వదిలి, గొడవలో లేని చిన్న వంశాల పెద్దల్ని ముందు కలిశారు. వాళ్లు పిలిస్తే పెద్ద వంశాల వాళ్లు రావడానికి మొహమాటం అడ్డురాదు. తర్వాత కుర్రాళ్ల దగ్గరికి వెళ్లారు, ఎందుకంటే తుపాకీ పట్టేది వాళ్లే. తర్వాత వ్యాపారులు, మత పెద్దలు, చివరికి జిల్లా కమిషనర్. 1993 సెప్టెంబరులో పెద్దలంతా అల్ ఫతా డిక్లరేషన్ అని ఒక ఒప్పందం చేసుకున్నారు, దొంగతనానికి ఏం చేయాలి, హత్యకి ఏం చేయాలి అన్నీ అందులో రాసుకున్నారు. 1995కల్లా వజీర్ శాంతి, అభివృద్ధి కమిటీ ఏర్పడి జిల్లా పాలనలో భాగమైంది. దాని కింద ఒక బృందం, ఎక్కడ పశువులు పోయినా, ఎక్కడ మనిషి చచ్చినా వెంటనే బండేసుకుని అక్కడికి వెళ్లేది. అందులో పెద్దలు, ఆడవాళ్లు, కుర్రాళ్లు, పోలీసు మనిషి అందరూ ఉండేవాళ్లు. పుకారు వాళ్ల కంటే ముందు వెళ్లకూడదన్నది లెక్క. ఏడాదంతా తన పరిధిలో గొడవ జరగకుండా చూసుకున్న చీఫ్‌కి (అక్కడ ప్రభుత్వం పెట్టే స్థానిక అధికారి) బహుమతి కూడా ఇచ్చేవాళ్లు. ఏమీ జరగనందుకు బహుమతి! మన దగ్గర అలాంటి పనికి ఒక్క సర్టిఫికెట్ ఇచ్చిన కలెక్టర్‌ని నేను చూడలేదు.

ఈ పద్ధతినే తర్వాత కెన్యాలో జిల్లా శాంతి కమిటీల పేరుతో దేశమంతా పెట్టారు. దేకాకి 2007లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. 2011లో రోడ్డు ప్రమాదంలో గాయపడి చనిపోయింది.

వజీర్‌ని నేను గుడి కట్టి పూజించడం లేదు. 1998లో బగల్లాలో మళ్లీ వందమందికి పైగా డెగోడియాల్ని చంపారు, కమిటీ ఉండగానే. ఇంకోటి ఇంకా చేదుగా ఉంటుంది. 2001లో ఆ ప్రాంతపు పెద్దలంతా మొడొగాషేలో చేసుకున్న ఒప్పందంలో, మగవాడిని చంపితే 100 పశువులు, ఆడమనిషిని చంపితే 50 అని రాసుకున్నారు. బజారులో ఈ పని మొదలుపెట్టింది ఎవరు? ఒప్పందం కాగితం మీదికి వచ్చేసరికి ఆ ఆడవాళ్ల ప్రాణం ఖరీదు సగం. శాంతిని పెద్దల చేతిలో పెడితే పెద్దలకి నచ్చిన శాంతే వస్తుంది. మన కుల పంచాయితీలు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. అయినా, ఆ రోజుల్లో పెద్దల్ని తీసుకురాకుండా కాల్పులు ఆపడం కుదిరేదా అంటే, కుదిరేది కాదనే అంటాను. ముందు కాల్పులు ఆగాలి. తర్వాత ఆ 50ని 100 చేయడానికి ఇంకో పోరాటం చేసుకోవాలి.

పశ్చిమ ఆఫ్రికాలో లైబీరియా, అక్కడి అంతర్యుద్ధం సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది, కాబట్టి తొందరగా చెప్పేస్తాను. లేమా బోవీ సోషల్ వర్క్ చదివిన మనిషే, యుద్ధంలో సైనికులుగా మారిన పిల్లలకి కౌన్సెలింగ్ చేసేది. క్రైస్తవ, ముస్లిం ఆడవాళ్లు తెల్లబట్టలు కట్టుకుని చేపల మార్కెట్ దగ్గర కూర్చున్నారు, 2003లో ఘనా రాజధాని అక్రాలో యుద్ధం ఆపడానికి చర్చలు సాగుతూ ఉంటే ఆ హాలు తలుపుల దగ్గర అడ్డంగా కూర్చుని ఒప్పందం కుదిరే దాకా ఎవర్నీ బయటికి వెళ్లనివ్వం అన్నారు. ఆ ఆగస్టులో ఒప్పందం కుదిరింది. ఆమెకి 2011లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇక్కడ నేను చూడమనేది ఒక్కటే, ఆమె సోషల్ వర్కర్‌గా తటస్థంగా లేదు. మా పిల్లలు చచ్చిపోతున్నారు, మీరు హోటల్ గదుల్లో కూర్చున్నారు అని అరిచింది.

నా వాదన వినగానే ఎవరైనా మణిపూర్ గుర్తు చేస్తారు, చేయాలి కూడా. సొంత జాతి మనిషే శాంతి తెస్తుందంటున్నావు కదా, మరి మైరా పైబీల మాటేమిటి? మైరా పైబీ అంటే కాగడాలు పట్టుకుని తిరిగే మైతేయీ ఆడవాళ్ల సంఘాలు. తాగుడుకి వ్యతిరేకంగా, తర్వాత సైన్యం అకృత్యాలకి వ్యతిరేకంగా దశాబ్దాలపాటు పోరాడిన చరిత్ర వాళ్లది. 2023 మే 3న ఇంఫాల్ లోయలో ఎక్కువగా ఉండే మైతేయీలకీ కొండల్లో ఉండే కుకీలకీ మధ్య హింస మొదలయ్యాక, అదే ఆడవాళ్లు రోడ్లకి అడ్డం పడి సైన్యాన్ని కదలనివ్వలేదు. ఆ జూన్‌లో ఇథమ్ గ్రామంలో వెయ్యిమందికి పైగా జనం, ముందు ఆడవాళ్లే, సైన్యాన్ని చుట్టుముట్టి పట్టుబడ్డ 12 మంది మిలిటెంట్లని విడిపించుకుపోయారు. కాబట్టి ఆడవాళ్లు సహజంగానే శాంతి కోరుకుంటారన్న మాట నేను నమ్మను. సొంత జాతిలో పేరూ పలుకుబడీ ఉంటే సరిపోదు, దాన్ని సొంత జాతికి అడ్డం నిలబడటానికి వాడాలి. వాడకపోతే అదే పలుకుబడి ఇంకో ఆయుధం.

కానీ మణిపూర్‌లో నాకు కనిపించేది ఇంకొకటుంది. ఇంఫాల్‌లో ఇమా కైథెల్ అని వేలమంది ఆడవాళ్లే నడిపే పెద్ద బజారు ఉంది. వజీర్ పద్ధతి పనిచేయడానికి అంతకంటే మంచి చోటు ఉంటుందా? అయితే 2023 తర్వాత కుకీలు ఇంఫాల్‌లో అడుగుపెట్టలేరు, మైతేయీలు కొండల మీదికి వెళ్లలేరు, మధ్యలో బఫర్ జోన్. చురాచాంద్‌పూర్ నుంచి విమానం ఎక్కాలంటే పక్కనే ఉన్న ఇంఫాల్‌కి కాకుండా కొండదారుల్లో మిజోరం దాకా, ఐజ్వాల్ దాకా వెళ్తున్నారు. 250 మందికి పైగా చనిపోయారు, సుమారు 60,000 మంది ఇళ్లు వదిలారు. కలిసి కొనుక్కునే చోటే లేకపోతే కాపలా ఎక్కడ పెడతారు? రిలీఫ్ క్యాంపుల్లో పనిచేసే కార్యకర్తలు అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే. పాల ప్యాకెట్లు పంచుతారు, పిల్లలకి చదువు చెబుతారు, అది చాలా అవసరం, కానీ అది శాంతి పని కాదు. ఆ పనికి టైమ్ 2023కి ముందు ఉండేది.

టైమ్ అనగానే నాకు భివండీ గుర్తొస్తుంది. ముంబై పక్కన మరమగ్గాల ఊరు. 1970లో, 1984లో భయంకరమైన హిందూ ముస్లిం అల్లర్లు జరిగాయి. 1988లో అక్కడికి డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి పేటపేటకీ మొహల్లా కమిటీలు పెట్టించాడు. పండగ ముందు రోజు పెట్టే కమిటీలు కాదు. ఏ గొడవా లేనప్పుడు కూడా కూర్చునేవి, హిందువులూ ముస్లింలూ సమానంగా ఉండేవి, నీళ్ల గొడవలు, అద్దె గొడవలు లాంటివి చూసుకునేవి. 1992 డిసెంబరు, 93 జనవరిలో ముంబై తగలబడితే భివండీ తగలబడలేదు. సోషల్ వర్కర్లు చేయాల్సిన పని ఒక పోలీసాయన చేశాడన్నది మా వృత్తికి కాస్త నామోషీయే.

ఆశుతోష్ వార్ష్నే అనే రాజనీతి శాస్త్రవేత్త చాలా ఏళ్ల కింద ఇదే విషయం మీద మన హైదరాబాద్‌ని లక్నోతో పక్కపక్కన పెట్టి చూశాడు. 1950 నుంచి 1995 దాకా హిందూ ముస్లిం అల్లర్లలో పోయిన ప్రాణాల్లో దాదాపు సగం ఎనిమిది ఊళ్లలోనే పోయాయి, వాటిలో హైదరాబాద్ ఒకటి. లక్నోలో చికన్ ఎంబ్రాయిడరీ పని, బట్టల వ్యాపారం హిందూ వ్యాపారుల్నీ ముస్లిం పనివాళ్లనీ ఒకరి మీద ఒకరు ఆధారపడేలా చేశాయి, ఒకరు లేకపోతే ఇంకొకరికి పూట గడవదు. ఊళ్లలో పలకరింపులూ పెళ్లి పిలుపులూ సరిపోతాయేమో కానీ పెద్ద నగరంలో సరిపోవు, అక్కడ కలిసి నడిపే సంఘాలుండాలి, వ్యాపార సంఘమో కార్మిక సంఘమో, అంటాడు ఆయన. 1990 డిసెంబరులో పాతబస్తీలో వందమందికి పైగా చనిపోయిన రోజులు మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ కర్ఫ్యూ లెక్కలో చెప్పుకుంటారు. ఆ తర్వాత కోవా లాంటి స్వచ్ఛంద సంస్థల సమాఖ్యలు పాతబస్తీలో మొదలుపెట్టిన పని చాలావరకు ఆడవాళ్ల ఉపాధి, పిల్లల చదువు లాంటి వాటి మీదే సాగింది. నాకది సరైన దారి అనిపిస్తుంది. శాంతి పేరు బోర్డు మీద ఉండక్కర్లేదు, రెండు బస్తీల ఆడవాళ్లు ఒకే లెక్కల పుస్తకం చూసుకుంటే చాలు.

ఇప్పుడు నేను తిరిగిన నేల. ఆదిలాబాద్ ఏజెన్సీలో గోండులు, కొలాములు, పరధానులు, తోటీలు, నాయకపోడులు, ఆదివాసీలని పిలిచే వీళ్లందరిదీ ఒక వైపు, లంబాడాలది ఇంకో వైపు. తెలంగాణ ప్రాంతంలో లంబాడాలని 1976 చట్టంతో ఎస్టీ జాబితాలో చేర్చారు. మహారాష్ట్రలో అదే లంబాడాలు ఎస్టీలు కారు. సరిహద్దు అవతలి నుంచి వచ్చి చేరారని, చదువులూ ఉద్యోగాలూ భూములూ వాళ్లకే పోతున్నాయని ఆదివాసీల బాధ. 2011 లెక్కల్లో తెలంగాణ ఎస్టీల్లో సగానికి పైగా లంబాడాలే, కాబట్టి ఆ బాధని కల్పన అని కొట్టిపారేయలేం. అటు లంబాడాల వైపు నుంచి చూస్తే, ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ మోసి దేశమంతా తిరిగిన జనం, రైళ్లొచ్చాక బతుకు పోయి ఎక్కడ చోటు దొరికితే అక్కడ తండా కట్టుకున్న జనం, మా తాతలు ఇక్కడే పుట్టారు మేం ఎక్కడికి పోవాలి అని అడుగుతారు. అదీ కొట్టిపారేయలేం.

2017 చివర్లో ఇది పగిలింది. ఆదివాసీ గూడేల్లోని బళ్లకి లంబాడా టీచర్లని రానివ్వలేదు. డిసెంబరులో ఉట్నూరు వైపు దాడులు, ఎదురుదాడులు జరిగాయి, నిషేధాజ్ఞలు పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు. ఒక గోండు పటేల్ నాతో అన్న మాట నాకు బాగా గుర్తు. "శాంతి శాంతి అంటరు బిడ్డా, జాబితా సంగతి ఎవ్వరు మాట్లాడరు. మేం ఊకున్నన్ని దినాలు శాంతే ఉండె కదా." అదే నెలలో ఒక లంబాడా టీచరమ్మ, "అక్కా, ఆ బళ్లో పిల్లలకి జొరమొస్తే నేనే బండి మీద తీస్కపోయేదాన్ని, ఇప్పుడు నన్ను చూసి తలుపేసుకుంటున్నరు" అంది. ఈ రెండు మాటలూ నిజమే. ఒకదాన్ని పెట్టి ఇంకోదాన్ని కొట్టేసే పని నాకు చేతకాదు.

పటేల్ మాటని మా వృత్తివాళ్లు సీరియస్‌గా తీసుకోవాలని నా గోల. ఆ నేల మీద 1940లో కుమ్రం భీం చనిపోయాడు, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి, ఏజెన్సీ భూములు గిరిజనేతరులకి పోకూడదనే 1/70 చట్టం ఉండి కూడా భూములు చేతులు మారాయి. ఊరకుండటాన్నే శాంతి అని పిలిచే అలవాటు అక్కడ ప్రభుత్వాలకి ఎప్పటి నుంచో ఉంది. జాబితా గురించి తేల్చాల్సింది కోర్టులూ పార్లమెంటూ, ఎన్జీవో కార్యకర్త కాదు, అది నాకు తెలుసు. అయితే ఆ కార్యకర్త వెళ్లి, ఆ సంగతి వదిలేయండి, కలిసి మొక్కలు నాటుదాం రండి అంటే మాత్రం అది మోసం. ఉన్న తగాదాని ఉన్నట్టు పేరు పెట్టి మాట్లాడనివ్వాలి. మీరు ఢిల్లీలో కేసు వేసుకోండి, ధర్నా చేసుకోండి, దానికి మేం అడ్డం రాము, కానీ ఈ బడికి టీచరు వస్తుంది, ఈ అంగట్లో అందరూ కూరగాయలు అమ్ముతారు, ఈ పీహెచ్‌సీకి ఎవరొచ్చినా నర్సు సూది వేస్తుంది, ఇక్కడ మాత్రం చెయ్యెత్తకూడదు అన్న గీత గీయించగలగాలి. గీత గీయాల్సింది నేను కాదు. గూడెంలో పటేల్, కొన్ని గూడేలకి పెద్దగా ఉండే సార్మేడి, తండాలో నాయక్, ఇంకా ముఖ్యంగా రెండు చోట్లా ఉన్న ఆశా వర్కర్లు, పొదుపు సంఘం లీడర్లు. బడి మూతపడ్డప్పుడు ఆ గూడెంలో ఒక ఆశా వర్కర్, టీచరమ్మని రానివ్వాలని సొంత వాళ్లతో గట్టిగా వాదించింది. ఆమెని నెలల తరబడి వెలివేసినంత పని చేశారు. ఏ శాంతి కమిటీకీ ఆమెని పిలవలేదు. అసలు ఆమె సంగతి మండలంలో ఏ ఆఫీసరుకీ తెలియదు.

బడీ అంగడీ పోతే ఎంత తొందరగా అంతా పోతుందో 2024 సెప్టెంబరులో జైనూరులో మళ్లీ చూశాం. అది వేరే గొడవ, ఒక ఆదివాసీ మహిళ మీద జరిగిన దారుణంతో మొదలైంది, ఆమెకి న్యాయం జరగాలన్న కోపంలో తప్పేమీ లేదు. కానీ చూస్తుండగానే అది నేరం చేసినవాడి మీది నుంచి అతని మతం వాళ్లందరి మీదికి మళ్లింది, దుకాణాలు తగలబడ్డాయి, మళ్లీ కర్ఫ్యూ, మళ్లీ ఇంటర్నెట్ బంద్. నేరానికి ఒకడు, శిక్షకి అందరూ అనే ఈ లెక్కని వజీర్‌లో ఆ బృందం బండి ఆపాలని చూసేది. మన దగ్గర ఆ బండి ఎవరిది? ఎస్సైది మాత్రమే. ఎస్సై వచ్చేసరికి వాట్సాప్ ముందే వచ్చేసి ఉంటుంది.

డబ్బు సంగతి చెప్పకుండా ఇది పూర్తి కాదు. గొడవ జరిగాక శాంతి ప్రాజెక్టులు వస్తాయి, రెండేళ్లకో మూడేళ్లకో వెళ్లిపోతాయి. నేను పనిచేసిన చోట ఒక డోనర్ పంపిన ఫార్మాట్‌లో ఎంతమందికి అవగాహన కల్పించారు, ఎన్ని సమావేశాలు, అందులో స్త్రీలెంతమంది అన్న గళ్లుండేవి. జరగని గొడవకి గడి లేదు. ఫలానా తండాలో పెళ్లి ఊరేగింపు దగ్గర కుర్రాళ్లు తాగి కొట్టుకోబోతే మన పొదుపు సంఘం అక్క వెళ్లి ఆపింది అని ఒకసారి రిపోర్టులో రాశాను. దీన్ని ఏ యాక్టివిటీ కింద చూపించాలి అని మెయిల్ వచ్చింది. అప్పటి నుంచి అలాంటివి రాయడం మానేసి ర్యాలీల ఫొటోలు పంపాం. వాళ్లు సంతోషించారు.

ఇలాంటి పనికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. మండలానికి ఇద్దరు, ఒక గోండు, ఒక లంబాడా, అక్కడే పుట్టినవాళ్లు, పదేళ్లు కదిలించకుండా ఉంచే జీతం, ఒక బైకు, ఫోను, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పీవోకి, అంటే ప్రాజెక్టు ఆఫీసరుకి, నేరుగా ఫోన్ చేసే వీలు. వారం వారం అంగట్లో ఉండటమే వాళ్ల మొదటి పని. పశువు పోయినా, పొలం గట్టు జరిగినా, పుకారు లేచినా ఇద్దరూ కలిసే వెళ్లాలి, ఎవరి వాళ్లతో వాళ్లే మాట్లాడాలి. ఎంఎస్‌డబ్ల్యూ చదివిన నాలాంటివాళ్ల పని వాళ్ల వెనక ఉంటుంది, కాగితాలు చూడటం, సొంత వాళ్లు వెలివేసినప్పుడు అండగా నిలబడటం, బదిలీ మీద కొత్తగా వచ్చిన ప్రతి పీవోకీ ఈ ఇద్దరూ ఎందుకున్నారో మొదటి నుంచీ చెప్పడం. ఒక మిత్రుడితో ఈ మాటంటే, ఆ ఇద్దర్నీ ఎన్నికల ముందు ఏదో ఒక పార్టీ ఎగరేసుకుపోతుంది చూడు అన్నాడు. ఎగరేసుకుపోవచ్చు. వజీర్‌లో గొడవ మొదలైందే ఎన్నికతో కాబట్టి ఆ అనుమానం ఉత్తదేమీ కాదు. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, ఆ ఇద్దర్నీ మనం కాదు, అంగట్లో అమ్ముకునే ఆడవాళ్లు ఎంచుకోవాలి, వద్దనుకుంటే తీసేసే హక్కు కూడా వాళ్లకే ఉండాలి. ఇది ఏ జీవో కింద కుదురుతుందని అడిగాడు. ప్రస్తుతానికి ఏ జీవో కిందా కుదరదు.